వేడి ఎటు పోతోంది?

(చలికాలంలో ఇంటి హీటింగ్ ఖర్చు తగ్గించుకోవడంపై చేసిన ప్రసంగం, ఆ తర్వాత సభికులు అడిగిన ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నన్ను పిలిచినప్పుడే ఇక్కడివాళ్లు ఓ షరతు పెట్టారు. "మీ లెక్కలన్నీ తర్వాత, ముందు ఏ హీటర్ కొంటే బిల్లు తగ్గుతుందో చెప్పండి" అన్నారు. దానికి జవాబు చిన్నదే కాబట్టి ముందు ఆ పని కానిచ్చేస్తాను. గదిలో పెట్టుకునే కరెంటు హీటర్లన్నీ ఒక్కటే. వేడిగాలి ఊదేది, నూనె నింపినది, ఎర్రగా వెలిగేది, అట్టపెట్టె మీద 'సిరామిక్' అనో 'ఎకో' అనో పెద్ద అక్షరాలున్నది, ఏదైనా సరే. 1500 వాట్ల హీటర్ గంటసేపు నడిస్తే ఒకటిన్నర యూనిట్ కరెంటు తీసుకుంటుంది, ఒకటిన్నర యూనిట్ వేడి ఇస్తుంది. అంతకు మించి ఇవ్వలేదు, అంతకు తగ్గించీ ఇవ్వదు. నూనె హీటర్ ఆపేశాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, నిజమే. కానీ వేసినప్పుడు అంతే ఆలస్యంగా వేడెక్కుతుంది. లెక్కకు లెక్క సరి. చప్పుడు లేనిది కావాలా, త్వరగా వేడెక్కేది కావాలా అన్నది చూసి కొనుక్కోండి. బిల్లు తగ్గుతుందని మాత్రం కొనకండి.

హీటర్ల సంగతి అయిపోయింది. [నవ్వులు] ఇప్పుడు అసలు విషయానికొద్దాం.

చలికాలంలో మనం వేడి కొనుక్కుంటున్నామని అనుకుంటాం. కాస్త ఆలోచించండి. ఇల్లు ఒకసారి 20 డిగ్రీలకు వచ్చిందనుకోండి. అందులోంచి వేడి రవ్వంత కూడా బయటికి పోకపోతే, ఇక ఆ చలికాలమంతా హీటింగ్ వేసే పనే ఉండదు. మరి పొద్దస్తమానం ఎందుకు వేస్తున్నాం? పోయినదాన్ని పూడ్చడానికి. అడుగున చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోస్తున్నాం. నీళ్ల ఖరీదెంత, ఏ చెంబుతో పొయ్యాలి అని గంటలకొద్దీ చర్చించుకుంటాం గానీ, చిల్లు సంగతి ఎవరూ ఎత్తరు. మీ బిల్లులో ఉన్న ప్రతి యూనిట్టూ మీ ఇంట్లోంచి బయటికి పోయినదే. ఎటు పోయిందో కనుక్కోకుండా కొత్త బాయిలర్ కొన్నా, బయటి గాలిలోని వేడిని లోపలికి తోడే కొత్త హీట్ పంప్ కొన్నా, సగం ఖర్చు వీధిని వెచ్చబరచడానికే.

వేడి పోయే దారులు ముఖ్యంగా రెండు. గోడలు, పైకప్పు, కిటికీ అద్దాల గుండా మెల్లగా దాటిపోయేది ఒకటి. సందుల్లోంచి గాలితో పాటు వెళ్లిపోయేది రెండోది. మొదటిది అందరికీ తెలుసు, ఇన్సులేషన్ (వేడి దాటిపోకుండా పరిచే పొర) అన్న మాట వినని వాళ్లు లేరు. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తక్కువ ఖర్చుతో ఆగేది అదే కాబట్టి నేను దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ఒక చిన్న లెక్క. వంద చదరపు మీటర్ల ఇల్లు, రెండున్నర మీటర్ల ఎత్తు. లోపల 250 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. లోపల 20 డిగ్రీలు, బయట సున్నా. పాత ఇల్లు, సందులెక్కువ, గంటకోసారి ఇంట్లో గాలంతా మారిపోతోందనుకుందాం. పాత ఇళ్లలో ఇదేమీ వింత కాదు. లోపలికొచ్చిన ఆ చల్లగాలిని 20 డిగ్రీలకు తేవడానికి నికరంగా సుమారు 1650 వాట్లు కావాలి. అంటే ఇందాకటి హీటర్‌కంటే కాస్త పెద్దది ఒకటి రాత్రనక పగలనక ఆగకుండా నడవాలి, కేవలం సందుల కోసం. రోజుకు దగ్గర దగ్గర 40 యూనిట్లు.

ఇది ఎక్కువా తక్కువా అన్నది తెలియాలంటే ఇంకోదానితో పోల్చి చూడాలి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో నాలుగు ఇళ్లు వరసగా కట్టారు. పాసివ్ హౌస్ అంటారు. వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త, స్వీడన్‌కు చెందిన బో ఆడమ్సన్ అనే ప్రొఫెసర్ కలిసి వేసిన ఆలోచన అది. ఆ పద్ధతిలో కట్టిన ఇంటికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి వేడి అవసరం కాకూడదని నియమం. మన వంద చదరపు మీటర్ల ఇంటికి ఆ లెక్కన ఏడాదంతటికీ 1500 యూనిట్లు. మన ఇంటి సందులు ఆ 1500 యూనిట్లనూ 40 రోజులు తిరక్కుండానే బయటికి పంపేస్తాయి. గోడలు, కప్పు, కిటికీల ఖర్చు దీనికి అదనం.

కెనడాలో రెజైనా అనే ఊళ్లో 1977లోనే ఇలాంటి ఇల్లు కట్టారు. 1973 చమురు సంక్షోభం తర్వాత రోజులవి. చలికాలంలో మైనస్ 30 దాటే ఊరు. అక్కడ కూడా మందమైన ఇన్సులేషన్‌తో పాటు సందు లేకుండా మూయడం మీదే దృష్టి పెట్టారు. అంటే ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. తెలిసి కూడా చెయ్యడం లేదు, అంతే.

సరే, సందులు ఎక్కడుంటాయి? అందరూ కిటికీల దగ్గర మొదలుపెడతారు. చెయ్యి పెడితే చల్లగా తగిలేది అక్కడే కదా మరి. కానీ వేడిగాలి తేలిక, పైకి పోతుంది. ఇంటి పైభాగంలో ఎక్కడ దారి దొరికితే అక్కడి నుంచి బయటపడుతుంది. పైనుంచి ఎంత గాలి పోయిందో అంత గాలి కింది నుంచి లోపలికి రావాలి. కాబట్టి సోఫాలో కూర్చుంటే మీ కాళ్లకు తగిలే చలిగాలికి అసలు కారణం చాలాసార్లు అటకలో ఉంటుంది. కింద ఒక సందు మూసినా, పైన దారి తెరిచే ఉంటే గాలి ఇంకో సందు వెతుక్కుంటుంది. అందుకే పైనుంచి మొదలుపెట్టమంటాను.

ఒక ఇంటి సంగతి చెప్తాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. కిటికీలన్నీ మార్పించారు, రెండు పొరల అద్దాలు పెట్టించారు. బాగానే ఖర్చయింది. అయినా హాల్లో చలి తగ్గలేదు, బిల్లు అనుకున్నంత తగ్గలేదు. కిటికీలు అమ్మినవాడు మోసం చేశాడేమో చూడమని పిలిచారు. కిటికీలు శుభ్రంగానే ఉన్నాయి. మేడ మీద నడవాలో అటకలోకి వెళ్లడానికి ఒక మూత ఉంది. ఉత్త ప్లైవుడ్ పలక, చట్రం మీద ఊరికే ఆనించి ఉంది. దాని కింద అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ అటూ ఇటూ తిరగలేదు, తిన్నగా వెళ్లి పలక అంచులోకి దూరిపోయింది. పలక ఎత్తి పైకెక్కి చూస్తే, అంచు చుట్టూ పసుపు రంగు ఫైబర్‌గ్లాస్, అంటే ఇన్సులేషన్‌గా పరిచే గాజు దూది, ఉండాల్సిన చోట బూడిద రంగుకు తిరిగి, కొన్ని చోట్ల నల్లబడిపోయి ఉంది. ఆవిడ చూసి బూజు పట్టిందనుకుని కంగారుపడ్డారు. బూజు కాదు. ఏళ్ల తరబడి ఇంట్లో గాలి ఆ దూది లోంచి పోతూ పోతూ తనలోని దుమ్మును అక్కడ వదిలి వెళ్లింది. గాలి ఎటు పోయిందో దుమ్ము గీసి చూపించింది. మీరు కూడా అటకలో ఎక్కడైనా ఫైబర్‌గ్లాస్ మురికిగా కనిపిస్తే దాన్ని ఎత్తి కింద చూడండి, తప్పకుండా ఒక సందు దొరుకుతుంది.

ఆ మూత సందు ఎంతుంటుంది? మూడు మిల్లీమీటర్లు. మూత చుట్టుకొలత 2.7 మీటర్లు. గుణిస్తే 81 చదరపు సెంటీమీటర్లు. అంటే సీలింగుకు తొమ్మిది సెంటీమీటర్లు పొడవు, తొమ్మిది సెంటీమీటర్లు వెడల్పు రంధ్రం కోసి వదిలేసినట్టు. నిజంగా అలాంటి రంధ్రం ఉంటే ఎవరైనా ఒక్కరోజు ఊరుకుంటారా? సన్నగా సాగి ఉంది కాబట్టి కంటికి ఆనదు. దానికి వైద్యం చట్రం చుట్టూ అంటించే ఫోమ్ పట్టీ, మూతను కిందికి బిగించి పట్టే రెండు కొక్కేలు, మూత వీపున ఒక ఇన్సులేషన్ బోర్డు. ఒక పూట పని.

అటకలో ఇంకా చూడాల్సినవి నీళ్ల పైపులు, కరెంటు తీగలు కిందినుంచి పైకొచ్చే రంధ్రాలు. ప్లంబరు అరచేయంత రంధ్రం చేసి రెండంగుళాల పైపు పెట్టి వెళ్లిపోతాడు, మిగతా ఖాళీ అలాగే ఉంటుంది. స్ప్రే ఫోమ్‌తో నింపండి. చిన్నవైతే కాక్, అంటే సందుల్లో నింపే పేస్టు, చాలు. ఒక్క జాగ్రత్త. పొగగొట్టం చుట్టూ, ఫర్నేస్ (ఇంటికి వేడిగాలి పంపే పొయ్యి) గొట్టం చుట్టూ మామూలు ఫోమ్ కొట్టకూడదు, నిప్పంటుకుంటుంది. అక్కడ రేకు ముక్క పెట్టి వేడికి తట్టుకునే సీలెంట్ వాడాలి. సీలింగులోకి దించిన పాత లైట్లకూ అంతే, వాటి మీద ఏదైనా కప్పే ముందు ఆ రకం లైటుకు కప్పొచ్చో లేదో చూసుకోవాలి. ఫైబర్‌గ్లాస్ కుక్కితే సందు మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. మూసుకోదు. ఇందాకటి నల్లటి దూదే సాక్ష్యం.

పైన అయ్యాక కిందికి రండి. బయటి తలుపు కింద రబ్బరు పట్టీ, తలుపు చుట్టూ వెదర్ స్ట్రిప్ అనే సందులు మూసే పట్టీ, బేస్‌మెంట్ ఉంటే పునాది గోడ మీద చెక్క ఆనే చోట. కిటికీలు ఆ తర్వాతే.

ఇంకా పక్కాగా తెలుసుకోవాలంటే బ్లోవర్ డోర్ పరీక్ష చేయిస్తారు. వీధి తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి, ఇంట్లోనూ బయటా 50 పాస్కల్స్ పీడన తేడా వచ్చేలా గాలి లాగుతారు. అప్పుడు ఎక్కడెక్కడి సందులూ బుసకొడతాయి. పెద్ద మరమ్మతులు తలపెట్టేవాళ్లకు ఈ పరీక్ష మీద పెట్టిన ఖర్చు వృథా పోదు. మామూలుగా అయితే గాలి గట్టిగా వీచే రోజున, ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, అగరుబత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగితే సగం పైగా దొరికిపోతాయి.

ఇప్పుడు మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది, ఇల్లంతా బిగించేస్తే ఊపిరి ఎలా అని. మంచి అనుమానమే. గాలి మారాలి. మన ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టలు, వీటి తేమంతా బయటికి పోకపోతే చల్లటి మూలల్లో నీరై బూజు పడుతుంది. కానీ గాలి మనం అనుకున్నప్పుడు మారాలి గానీ, సందులు అనుకున్నప్పుడు కాదు. కిటికీ రెండంగుళాలు తెరిచి రోజంతా వదిలేయకండి. దానికి బదులు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, ఐదు నిమిషాల తర్వాత మూసేయండి. జర్మనీలో చాలా ఇళ్లలో ఇది అలవాటు. ఎందుకు నష్టం ఉండదంటే, వేడి ముఖ్యంగా ఉండేది గోడల్లో, నేలలో, సామానులో. ఇంట్లో గాలంతా పూర్తిగా మారిపోయినా పోయేది ఒకటిన్నర యూనిట్ పైచిలుకే. గోడలు వెచ్చగానే ఉంటాయి కాబట్టి కాసేపట్లో మామూలవుతుంది. బాత్‌రూమ్ ఫ్యాన్ స్నానమయ్యాక పది పదిహేను నిమిషాలు చాలు, మర్చిపోయి రాత్రంతా వదిలేస్తే డబ్బు పెట్టి వేడెక్కించిన గాలిని డబ్బు పెట్టి బయటికి తోసినట్టే.

గ్యాస్‌తోనో, కట్టెలతోనో, కిరోసిన్‌తోనో ఇంట్లో ఏది మండినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. వంట స్టవ్ వెలిగించి గది వెచ్చబరచుకోవడం, బొగ్గుల కుంపటి లోపలికి తేవడం, ఇవి బిల్లు తగ్గించే ఉపాయాలు కావు, ప్రాణాలు తీసే పనులు. ఇందులో వాదనకు తావు లేదు.

ఇన్సులేషన్ గురించి కొంచెం. అదే వంద చదరపు మీటర్ల ఇంటికి సీలింగు పైన ఏమీ లేకపోతే, అదే 20 డిగ్రీల తేడాకు 4000 వాట్ల దాకా పైకి పోవచ్చు. పది సెంటీమీటర్ల ఫైబర్‌గ్లాస్ పరిస్తే అది 700 వాట్లకు దిగుతుంది. ముప్ఫై సెంటీమీటర్లు పరిస్తే 270కి. గమనించారా, మొదటి పది సెంటీమీటర్లే 3300 వాట్లు మిగిల్చాయి, ఆ తర్వాతి ఇరవై కలిపి మిగిల్చినవి 430. కాబట్టి అటక ఖాళీగా ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ముందు ఆ పని చేయించండి. ఇప్పటికే ముప్ఫై సెంటీమీటర్లు ఉన్నచోట ఇంకో పొర వేయిస్తే సగం బిల్లు మిగులుతుందని ఎవరైనా వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి. [నవ్వులు] ఇంకోటి, ఇన్సులేషన్‌ను నొక్కి కుక్కకూడదు. పని చేసేది దూది కాదు, దూదిలో కదలకుండా ఉండే గాలి. నొక్కేస్తే మందం తగ్గి దాని పని తగ్గిపోతుంది. అటకలో పెట్టెలు దొంతర పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

కిటికీలు. ఒకటిన్నర చదరపు మీటర్ల ఒంటి అద్దం కిటికీ లోంచి 20 డిగ్రీల తేడాకు 170 వాట్లు పోతాయి. మధ్యలో ఆర్గాన్ నింపి, వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న రెండు పొరల అద్దమైతే 40 వాట్లు. తేడా పెద్దదే, కానీ కిటికీలు మార్చడం ఖరీదైన పని, ఆదా రూపంలో వెనక్కి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. పాడైపోయి ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు మంచివి పెట్టించుకోండి. అప్పటిదాకా చట్రానికి అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర దొరుకుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే బిగుసుకుని నిలుస్తుంది. ఒంటి అద్దం కిటికీకి నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది. ఎండ వచ్చే వైపు కర్టెన్లు పగలు తెరిచి ఉంచి, పొద్దుగూకగానే అన్నీ వేసేయండి. వేడినీళ్లతో గదిని వెచ్చబరిచే రేడియేటర్ కిటికీ కింద ఉంటే కర్టెన్ దాని మీదకు వేలాడకూడదు. వేలాడితే వేడంతా కర్టెన్ వెనక్కి, అద్దం మీదకు పోతుంది.

ఇక థర్మోస్టాట్, అంటే ఇంట్లో ఎన్ని డిగ్రీలుండాలో పెట్టుకునే మీట. ఇళ్లలో గొడవలన్నీ దీని దగ్గరే. [నవ్వులు] వేడి పోయే వేగం లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 22, బయట 2 అయితే తేడా 20. ఒక్క డిగ్రీ తగ్గిస్తే 20లో ఒక వంతు, అంటే ఐదు శాతం మిగులుతుంది. బయట అంత చలి లేకపోతే శాతం ఇంకా పెరుగుతుంది. ఏ ఖర్చూ లేకుండా వచ్చే ఆదా ఇది. అలాగని వణుకుతూ కూర్చోమనడం లేదు. ఇంట్లో 18 డిగ్రీలకు తగ్గకుండా ఉండడం ఆరోగ్యానికి మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పసిపిల్లలు, పెద్దవాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉంటే అంతకంటే కాస్త ఎక్కువే ఉండాలి. అక్కడ పొదుపు చూడకూడదు.

ఒక మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "ఆఫీసుకెళ్లేటప్పుడు తగ్గిస్తే, సాయంత్రం మళ్లీ వేడెక్కించడానికి అంతకు రెండింతలు ఖర్చవుతుంది కదా?" అని. అవ్వదు. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ బయటికి పోయే వేడి తగ్గుతుంది. సాయంత్రం మళ్లీ పొయ్యాల్సింది, ఇల్లు చల్లబడేటప్పుడు మీరు పొయ్యకుండా మిగుల్చుకున్నదే. ఆ రెండూ చెల్లుకు చెల్లు. మధ్యలో తక్కువగా పోయినదంతా మీకు లాభం. రోజుకు ఎనిమిది గంటలు నాలుగైదు డిగ్రీలు తగ్గిస్తే ఏడాదికి పది శాతం దాకా మిగలొచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. దీనికి మినహాయింపు ఒకటుంది. మీది హీట్ పంప్ అయి, దానికి తోడుగా హీటర్‌లా పనిచేసే కరెంటు కాయిల్ ఉంటే, ఒక్కసారిగా ఐదు డిగ్రీలు పెంచమన్నప్పుడు ఆ కాయిల్ అందుకుంటుంది. అది ఖరీదైన వేడి. అలాంటివాళ్లు ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గించకపోవడం మంచిది. నేలలో పైపులు వేసిన హీటింగ్ కూడా చాలా నిదానం, దానితో రోజూ ఎక్కువా తక్కువా ఆటలాడకండి.

రెండో అపోహ: 30 పెడితే త్వరగా వేడెక్కుతుందని. మామూలు ఫర్నేస్‌కు వేగం తెలియదు, ఆన్ అవడం ఆఫ్ అవడం తప్ప. 21 పెట్టినా 30 పెట్టినా 21కి చేరడానికి ఒకే సమయం పడుతుంది. 30 పెట్టినవాళ్లు మాత్రం మర్చిపోయి, ఉక్కపోసి, కిటికీ తెరుస్తారు.

యంత్రాల దగ్గరికొద్దాం. వేడినీళ్లు రేడియేటర్లలోకి పంపే గ్యాస్ బాయిలర్ ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి. అది కండెన్సింగ్ రకమైతే, అంటే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడినీ వాడుకునేదైతే, రేడియేటర్లకు ఎంత వేడి నీళ్లు పంపుతోందో దాని తెర మీద చూడండి. బిగించినవాళ్లు 75, 80 దగ్గర పెట్టి వెళ్లి ఉంటారు. గ్యాస్ మండితే ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి నీరైతే గ్యాస్‌లోని శక్తిలో ఇంకో పదో వంతు దాకా మనకు దక్కుతుంది. కానీ తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే ఆవిరి నీరవుతుంది. 80 దగ్గర నడిపితే మీరు కండెన్సింగ్ బాయిలర్ కొని కూడా మామూలు బాయిలర్‌లాగే వాడుతున్నారు. 60కో 55కో తగ్గించి చూడండి. గదులు కాస్త నిదానంగా వేడెక్కుతాయి, అంతే. వాడకానికి నీళ్లు నిలవుంచే ట్యాంకు ఉంటే దాన్ని మాత్రం 60 కంటే తగ్గించొద్దు, లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరగొచ్చు.

వేడిగాలి పంపే ఫర్నేస్ అయితే ఫిల్టర్ మార్చండి, డక్టుల (వేడిగాలి పోయే గొట్టాల) అతుకులకు మాస్టిక్ అనే సందులు మూసే ముద్ద పూయండి. అటకలో, బేస్‌మెంట్లో పోయే డక్టుల్లో ఐదో వంతు గాలి దారిలోనే కారిపోవడం మామూలే. వాడని గదుల్లో గాలి జాలీలు మూసేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. లోపల పీడనం పెరిగి డక్టులు ఇంకాస్త కారతాయి.

హీట్ పంప్ గురించి మీరు అడగకముందే చెప్తాను. కరెంటు హీటర్ ఒక యూనిట్ తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుందన్నాను కదా. హీట్ పంప్ వేడిని తయారు చెయ్యదు, బయటి గాలిలో ఉన్నదాన్ని లోపలికి తోడుతుంది. బయట ఏడు డిగ్రీలున్నప్పుడు ఒక యూనిట్ కరెంటుకు మూడు నాలుగు యూనిట్ల వేడి వస్తుంది, గడ్డకట్టే చలిలో రెండు చిల్లర. దీని సూత్రం కెల్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1852లోనే చెప్పాడు. మారాలా వద్దా అన్నది మీ ఊళ్లో రేట్లను బట్టి ఉంటుంది. ముందు గ్యాస్‌ను కూడా యూనిట్లలోకి మార్చుకోండి. ఒక ఘనపు మీటరు గ్యాస్ అంటే పది యూనిట్ల పైచిలుకు, ఒక లీటరు హీటింగ్ ఆయిల్ దాదాపు పది. కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్ ధరకు మూడు రెట్ల లోపుంటే హీట్ పంప్ లాభం. నాలుగు రెట్లు దాటితే బిల్లు వరకు చూస్తే గ్యాసే నయం. కరెంటు హీటర్లతోనే ఇల్లంతా నడిపేవాళ్లకు మాత్రం లెక్క అక్కర్లేదు, కళ్లు మూసుకుని మారిపోవచ్చు. అయితే సందులు మూసి, అటక కప్పి, ఆ తర్వాత కొనండి. అప్పుడు చిన్న యంత్రం సరిపోతుంది. ముందు యంత్రం కొన్నవాళ్లు పెద్దది కొంటారు, తర్వాత ఇల్లు బాగు చేసుకున్నాక ఆ పెద్దది మాటిమాటికీ ఆగుతూ మొదలవుతూ అవస్థపడుతుంది.

నాకిచ్చిన టైమ్ దగ్గర పడింది. ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: మాది అద్దె ఇల్లండీ. అటక మీకేమో గానీ మాకు చేతిలో లేదు. మేమేం చెయ్యగలం?

మీరు చెయ్యగలిగేవి తీసేయడానికి వీలున్నవి. కిటికీలకు ప్లాస్టిక్ పొర, తలుపు కింద పట్టీ, మందమైన కర్టెన్లు, బయటి గోడకు ఆనుకున్న రేడియేటర్ వెనక రేకు అంటించిన షీటు. మంచం బయటి గోడకు ఆనించి ఉంటే జరపండి. అంతకంటే ముఖ్యం, గదికి బదులు మనిషిని వెచ్చగా ఉంచుకోవడం. విద్యుత్ దుప్పటి వంద వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, గది హీటర్ 1500. రాత్రి ఎనిమిది గంటలసేపు వాడితే దుప్పటికి ఒక యూనిట్ లోపే, హీటర్ ఆగకుండా నడిస్తే దానికి పన్నెండు యూనిట్లు. సీలింగులో ఏదైనా పెద్ద సందు కనిపిస్తే ఫోటో తీసి ఇంటివాళ్లకు పంపండి. ఫోటో చూస్తే కదులుతారు, నోటిమాటకు కదలరు.

ప్రశ్న: సార్, కొవ్వొత్తుల మీద మట్టి కుండీ బోర్లిస్తే గది వేడెక్కుతుందని వీడియోలు వస్తున్నాయి...

చూశాను. ఒక కొవ్వొత్తి ఇచ్చేది మహా అయితే 80 వాట్లు. కుండీ దాన్ని పెంచదు, కాసేపు పట్టి ఉంచుతుంది. ఊరికే కూర్చున్న మీరే వంద వాట్లు ఇస్తారు, ఇంకొకర్ని పిలుచుకోండి. [నవ్వులు] పైగా నిప్పు ప్రమాదం.

ప్రశ్న: ఫైర్‌ప్లేస్ ఉంది మాకు. కట్టెలు చవగ్గా దొరుకుతాయి. దాంతో నడిపితే?

తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ అయితే వద్దు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు వెచ్చగా ఉంటుంది గానీ, వేడిలో చాలా భాగం పొగగొట్టంలోకే పోతుంది. పోతూ పోతూ ఇంట్లోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది, వెనక గదులు ఇంకా చల్లబడతాయి. రమ్‌ఫోర్డ్ అనే ఆయన 1790లలో లండన్ ఇళ్లలో పొయ్యిల లోతు తగ్గించి, గొంతు ఇరుకు చేసి బాగుపరిచాడు, అయినా తెరిచిన పొయ్యి తెరిచిన పొయ్యే. తలుపున్న మంచి కట్టెల స్టవ్ బిగించుకుంటే వేరే సంగతి. వాడనప్పుడు మాత్రం డ్యాంపర్, అంటే పొగగొట్టం మూత, మూయడం మర్చిపోకండి, నిప్పు పూర్తిగా ఆరిందని చూసుకున్నాకే.

ప్రశ్న: చివరిగా ఒకటి. మేం చలికాలంలో నెల రోజులు ఊరెళ్తాం. హీటింగ్ పూర్తిగా ఆపేసి వెళ్లొచ్చా?

బయట సున్నాకు దిగే ఊరైతే ఆపొద్దు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలితే, నెల రోజుల ఆదా కాదు, పదేళ్ల ఆదా పోతుంది. 12, 13 డిగ్రీల దగ్గర పెట్టండి. నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయండి. బాయిలర్‌కో, స్ప్రింక్లర్‌కో ఆ లైనులోంచే నీళ్లు వెళ్తుంటే కట్టేముందు అడిగి చూసుకోండి. సింకు కింద అరల తలుపులు తెరిచి ఉంచండి, బయటి గోడలోంచి పోయే పైపులకు గది వేడి తగులుతుంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, వారానికోసారి లోపలికెళ్లి ఫర్నేస్ నడుస్తోందో లేదో చూడమని చెప్పండి.